ఇ.ఎస్.వి. బైబిలు తర్జుమా పర్యవేక్షక సంఘానికి గుంటూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పండితులకు, క్రాస్‌వే ప్రచురణకర్తలకు ప్రభువు నామమున వందనములు.

నేను ఇంగ్లిషు లెక్చరరుగా పనిచేసి రిటైరయి గుంటూరులో ఉంటున్నాను. హెబ్రీ భాష రాదు. గ్రీకు అక్షరాలను కూడబలుక్కుని చదవగలను, అంతే. ప్రతి ఆదివారం సాయంత్రం మా చర్చి వెనుక హాల్లో పాతికమందికి తెలుగులో బైబిలు స్టడీ చెబుతాను. దానికోసం శనివారం రాత్రి నా బల్లమీద మూడు పుస్తకాలు తెరుచుకుంటాయి: నల్ల అట్టా ఎర్ర అంచులూ ఉన్న తెలుగు పాత తర్జుమా, మీ ఇంగ్లిష్ స్టాండర్డ్ వెర్షన్ (ఇ.ఎస్.వి.), ఇంకా నోట్సు విరివిగా ఉండే నెట్ బైబిలు అన్న మరో ఇంగ్లిషు తర్జుమా. మీ తర్జుమాను ఏరి పెట్టుకోవడానికి కారణం ఉంది. మూలంలో ఒక ముఖ్యమైన మాట పదిచోట్ల వస్తే వీలైనంతవరకు పదిచోట్లా ఒకే ఇంగ్లిషు మాట వాడాలన్న మీ పట్టుదల, మూలభాషలు రాని నాబోటి బోధకుడికి చేతికర్ర వంటిది. కనుక దీన్ని మీ తర్జుమాను తోసిపుచ్చేవాడి ఉత్తరంగా కాక, వారం వారం దానిమీద ఆనుకుని నడిచేవాడి ఉత్తరంగా చదవమని మనవి.

ఈ ఏడాది మేము ఆదికాండము పట్టుకున్నాము. మూడో అధ్యాయం పదహారో వచనం దగ్గరకు వచ్చిన సాయంత్రం నా చేతిలో ఉన్నది 2016 తర్వాత అచ్చయిన మీ ప్రతి. అందులో దేవుడు స్త్రీతో చెప్పిన మాట, నీ కోరిక నీ భర్తకు వ్యతిరేకంగా ఉంటుంది, అయితే అతడు నిన్ను ఏలుతాడు అన్న అర్థంలో ఉంది. నేను పాఠం సిద్ధం చేసుకున్నది దాన్నిబట్టే. ముందు వరుసలో కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రవాడు ఫోనులో ఇ.ఎస్.వి.నే తెరిచి, "సార్, ఇందులో వ్యతిరేకంగా అని లేదండీ, భర్తపట్ల అని ఉంది" అన్నాడు. ఫోను తీసుకుని చూశాను, నిజమే. అదే పేరు, అదే అధ్యాయం, అదే వచనం. అర్థం మాత్రం ఎదురు తిరిగింది. వెనుక నుంచి ఒక అంగన్‌వాడీ టీచరుగారు "ఇంతకీ ఏది బైబిలండీ?" అని అడిగారు. అందరూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు.

ఇంటికి వచ్చి కళ్లజోడు తుడుచుకుని రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకున్నాను. నాది పాతది, రెండోది మా అమ్మాయి డాలస్ నుంచి పంపినది. అట్టమీద తేడా లేదు. లోపల శీర్షికపుటలోనూ తేడా లేదు. ఎవరూ చదవని హక్కుల పుటలో, చీమతలకాయలంత అక్షరాలలో, ఒకదాంట్లో పాఠం 2016 నాటిదనీ, రెండోదాంట్లో 2025 నాటిదనీ ఉంది. చర్చికి బైబిలు పట్టుకెళ్లే మనిషి ఎవరైనా హక్కుల పుట చూసి ప్రార్థనకు కూర్చుంటారా?

మీకు తెలిసిన చరిత్రే అయినా ఈ లేఖ చదివే తెలుగువారికోసం క్లుప్తంగా చెప్పాలి. 1971 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ అన్న అంతకుముందటి ఇంగ్లిషు తర్జుమాను ఆధారం చేసుకుని మీరు 2001లో మీ తర్జుమాను తెచ్చారు. 2007లో, 2011లో సవరించారు. అప్పటివరకు ఈ వచనంలో స్త్రీ కోరిక భర్తపట్ల ఉండేది; "లేదా, వ్యతిరేకంగా" అన్న ప్రత్యామ్నాయం పుట అడుగున ఫుట్‌నోట్‌లో ఉండేది. 2016 వేసవిలో 29 వచనాలలో 52 మాటలు మార్చారు. ఆ మార్పుతో అడుగునున్నది పైకెక్కింది, పైనున్నది అడుగుకు దిగింది. అంతటితో ఆగకుండా, ఇదే ఇక శాశ్వత పాఠం, ఇకమీదట మార్చబోము అని ప్రకటించారు. విమర్శలు వచ్చాక ఆ సెప్టెంబరు నెలాఖరులోగా ఆ నిర్ణయం పొరపాటని ఒప్పుకుని వెనక్కు తీసుకున్నారు. అంత బహిరంగంగా పొరపాటు ఒప్పుకున్న ప్రచురణ సంస్థలు ఎన్నో ఉండవు, అందుకు మిమ్మల్ని గౌరవిస్తాను. 2025 పాఠంలో ఈ వచనమూ, దీనికి జంటగా మార్చిన నాలుగో అధ్యాయం ఏడో వచనమూ మళ్లీ మొదటి రూపానికి వచ్చాయి.

శాశ్వతం అన్న ఆ మాట నిలబడి ఉంటే 2025లో మీరు ఈ దిద్దుబాటు చేయగలిగేవారు కాదు. తొమ్మిదేళ్లలోనే మీకు మీరే తిరగరాసుకోవలసి వచ్చిన వచనాన్ని రాబోయే తరాలకు ముద్రవేసి ఇచ్చి ఉండేవారు. అయితే నా ఫిర్యాదు మార్చారని కాదు. దిద్దుబాటు సరైనదేనని నా అల్పమైన అభిప్రాయం కూడా. వచనం కింద అటూ ఇటూ తిరిగిన దారిని పాఠకుడికి చూపకుండా, ప్రతిసారీ మొదటినుంచీ ఇలాగే ఉందన్నట్టు అచ్చువేయడం గురించే నా బాధ.

ఆ వచనంలో చిక్కు ఎక్కడుందో మా క్లాసులో తేల్చింది నేను కాదు, ఆ అంగన్‌వాడీ టీచరుగారే. ఆవిడ దగ్గర ఉన్నది తెలుగు పాత తర్జుమా ఒక్కటే. అందులో మూడో అధ్యాయంలో "నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును, అతడు నిన్ను ఏలునని చెప్పెను" అని ఉంది. ఆవిడ పుట తిప్పి, వేలితో చూపిస్తూ, "చూడండి సార్, కయీనుతో కూడా ఇదే అంటున్నాడు" అన్నారు. అక్కడ వాకిట పొంచియున్న పాపము గురించి, "నీ యెడల దానికి వాంఛ కలుగును నీవు దానిని ఏలుదువనెను" అని ఉంది. రెండుచోట్లా వాంఛే, రెండుచోట్లా ఏలుటే. హెబ్రీలో కూడా రెండుచోట్లా తెషూకా అన్న ఒకే మాట ఉందని నెట్ బైబిలు నోట్సు చూసి నేను చెప్పాను. ఒక్క హెబ్రీ అక్షరం తెలియకుండా, పాత తర్జుమాకారులు మాటకు మాట నిలబెట్టిన పుణ్యాన, ఆవిడ పండితుల వివాదం మొదలయ్యే చోటికి నడిచి వెళ్లారు.

అక్కడినుంచే దారి చీలుతుంది. పాపానికి కయీనుమీద ఉన్న వాంఛ ప్రేమ కాదు, మింగేయాలన్న కోరిక. కాబట్టి స్త్రీకి భర్తయెడల ఉన్నది కూడా అతన్ని లొంగదీసుకోవాలన్న కోరికే అని 1975లో సూసన్ ఫో అనే పండితురాలు వెస్ట్‌మినిస్టర్ థియొలాజికల్ జర్నల్ అన్న వేదాంత పత్రికలో వాదించారు. ఆ వాదం చాలామందిని ఒప్పించింది. మరోపక్క, ఆ మాట పాత నిబంధనలో మొత్తం మూడేసార్లు వస్తుంది. మూడోది పరమగీతము ఏడో అధ్యాయం పదో వచనం, ప్రియుడికి ప్రియురాలిపై గల మక్కువ. అక్కడ శత్రుత్వపు ఛాయ కూడా లేదు. (తెలుగు తర్జుమాకారులు అక్కడ వాంఛను వదిలి "ఆశాబద్ధుడు" అన్నారు, మాట అందంగానే ఉంది కానీ మూడో మెట్టు తెలుగు పాఠకుడికి కనబడకుండా పోయింది.) క్రీస్తుకు పూర్వమే గ్రీకులోకి తర్జుమా చేసిన యూదులు ఆదికాండములో ఆ మాటను "తిరుగుట" అన్న అర్థంలో తీసుకున్నారు. ఇక దాని పక్కనున్న హెబ్రీ విభక్తికి మామూలు అర్థం "వైపు". వైపు అన్నదాన్ని వ్యతిరేకంగా అని రాయడం అసాధ్యమేమీ కాదు. కానీ అది మూలంలో ఉన్న మాట కాదు, మూలాన్ని చదివినవాడు చేరుకున్న తీర్పు. తీర్పు చెప్పినవాడు కారణం కూడా చెప్పాలి కదా.

ఇది ఏ వంశావళిలోని పేరో, ఏ ఊరి గుర్తో అయితే నేను ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఈ వచనం ఇళ్లలోకి వెళుతుంది. భార్య ఎదురు మాట్లాడితే "నీ స్వభావమే అంత, లేఖనమే చెప్పింది" అనడానికి 2016 పాఠం ఒక మగవాడికి ఆధారమవుతుంది. 2025 పాఠం చేతిలో ఉన్న మగవాడికి ఆ ఆధారం ఉండదు. ఇద్దరి బైబిళ్ల అట్టమీదా ఉన్నది ఒకే పేరు.

ఇప్పుడు నెట్ బైబిలు మాట. 1995 నవంబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన బైబిలు పండితుల వార్షిక సమావేశంలో మొదలైన ఆలోచన అది; ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా దొరికే కొత్త ఇంగ్లిషు తర్జుమా కావాలనుకున్నారు. ఇరవైమందికి పైగా పండితులు పదేళ్లు పనిచేసి 2005లో మొదటి పూర్తి ప్రతిని తెచ్చారు. దాని ప్రత్యేకత అరవై వేలకు పైచిలుకు నోట్సు. తర్జుమాకారుడి నోటు, పాఠాంతరాల నోటు, అధ్యయన నోటు అని వేరువేరు గుర్తులతో విడదీసి మరీ పెట్టారు. ఈ వచనంలో నెట్ బైబిలు మీ 2016 పాఠంకన్నా ఇంకా ముందుకు దూకింది. "నీవు నీ భర్తను అదుపులో పెట్టుకోవాలని కోరుకుంటావు, అయితే అతడు నీమీద పెత్తనం చేస్తాడు" అన్న అర్థంలో రాసింది. నాకు అది నచ్చలేదు. అయినా దానిమీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే కిందనే, హెబ్రీలో ఉన్నది ఉన్నట్టుగా "నీ భర్తవైపు నీ కోరిక" అని రాసి, ఆ మాట ఇంకెక్కడెక్కడ వస్తుందో, తాము దాన్ని ఇలా ఎందుకు తీసుకున్నారో చెప్పారు. వాళ్లతో విభేదించడానికి నాకు కావలసిన సరుకును వాళ్లే నా చేతిలో పెట్టారు. మీ 2016 పాఠం వాళ్లకన్నా మెత్తగానే మాట్లాడినా, అడుగున ఒక ప్రత్యామ్నాయం తప్ప నా చేతికి కారణమేమీ ఇవ్వలేదు.

యోహాను సువార్త 3:16లోనూ అంతే. మా తెలుగులో "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అని నోటికి వచ్చిన వాక్యం. నెట్ బైబిలు దాన్ని, దేవుడు లోకాన్ని ప్రేమించిన విధం ఇది అన్నట్టు మార్చింది. చిన్నప్పటినుంచీ కంఠస్థం చేసినవాడికి గుండె గతుక్కుమంటుంది. నోటు చదివితే, అక్కడి గ్రీకు మాటకు "ఇంతగా" కన్నా "ఈ విధంగా" అన్న అర్థమే ఎక్కువచోట్ల వస్తుందని తెలుస్తుంది. ఒప్పుకుంటామా లేదా అన్నది తర్వాత సంగతి, కనీసం గతుకు ఎక్కడుందో చూపించారు.

ఈ పద్ధతి మాకు కొత్తది కాదు. తెలుగువాడు కావ్యం చదివే తీరే ఇది: పైన పద్యం, కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం, ఎక్కడైనా తాళపత్ర ప్రతులు ఏకీభవించకపోతే అడుగున పాఠాంతరం. వావిళ్లవారి సటీక ప్రచురణలతో మా తాతల తరం అలాగే చదువుకుంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, "నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే" అని ప్రతిజ్ఞ చేశాడు: మూలంలో ఆధారం లేనిది ఏదీ రాయను, అవసరం లేనిది చెప్పను. నెట్ బైబిలు మొదటి సగాన్ని పాటించింది. రెండో సగం విషయంలో దానికి కొంచెం చీవాట్లు పెట్టాలి. కొన్ని పుటల్లో లేఖనం నాలుగు వరుసలు, మిగతాదంతా నోట్సే. మీనుంచి నేను అరవై వేలు అడగడం లేదు.

నిజానికి మీ 2008 నాటి స్టడీ బైబిలులో నోట్సు వేలకొద్దీ ఉన్నాయి, ఆ పుస్తకం నా దగ్గరా ఉంది, వాక్యం చెప్పే ప్రతిసారీ ఉపయోగపడుతోంది. కానీ స్టడీ బైబిలు నోటు వచనానికి అర్థం చెబుతుంది. నేను అడుగుతున్నది తర్జుమాకారుడి నోటు, అంటే ఆ మాటను ఎందుకు ఎంచుకున్నాడో చెప్పేది. వంట రుచి ఎలా ఉందో చెప్పడం ఒకటి, ఏ దినుసుకు బదులు ఏ దినుసు వేశారో చెప్పడం వేరొకటి. మారిన మాటల జాబితాలు మీరు బయటపెట్టారన్న సంగతీ నాకు తెలుసు. అవి వెతికి పట్టుకునేవాడికి దొరుకుతాయి. మా హాల్లో కూర్చున్న ఆవిడకు కావలసినది వచనం కిందనే ఉండాలి.

మీ ముందుమాటలో, తొలినాటి ఇంగ్లిషు తర్జుమాకారుడు టిండేల్ నుంచి 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమా వరకు వచ్చిన పరంపరకు వారసులమని రాసుకున్నారు. ఆ పెద్దలు ఏం చేశారో ఒకసారి గుర్తుచేయనివ్వండి. టిండేల్ 1526లో అచ్చువేసిన కొత్త నిబంధనను అక్కడితో పూర్తయిందనుకోలేదు. 1534లో తానే సవరించి మళ్లీ వేశాడు. 1611 కింగ్ జేమ్స్ తర్జుమాకారులకు రాజుగారు పెట్టిన నియమాలలో, హెబ్రీ గ్రీకు మాటలను వివరించడానికి తప్ప అంచున నోట్సు రాయకూడదని ఉండేది. ఆ కాస్త సందునే వాళ్లు చక్కగా వాడుకున్నారు. పాఠకునికి రాసిన ముందుమాటలో, అర్థం తేలని చోట రెండో అర్థాన్ని అంచున పెట్టడం లేఖనాల అధికారాన్ని కదిలిస్తుందని కొందరు భయపడతారనీ, తాము ఆ భయాన్ని ఒప్పుకోమనీ వివరంగా వాదించారు. దేవుడు సందేహానికి చోటు వదిలిన దగ్గర మనిషి రూఢిగా మాట్లాడటం దుస్సాహసమన్నది వాళ్ల తర్కం. తర్వాత వచ్చిన చాలా ముద్రణల్లో ఆ ముందుమాటనే తీసేయడం వేరే కథ.

మీరు 2016లో శాశ్వత పాఠాన్ని ప్రకటించినప్పుడు 1769 నాటి కింగ్ జేమ్స్ పాఠాన్ని ఉదాహరణగా చూపారు. ఆ పాఠం మారకుండా నిలిచిన మాట నిజమే. కానీ ఇంగ్లిషు సంఘం దాని దగ్గర ఆగిపోలేదు. 1880లలో దాన్ని సవరించారు, ఆ సవరణను అమెరికాలో మళ్లీ సవరించారు, అందులోంచి రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ వచ్చింది, అందులోంచి మీరు వచ్చారు. మారని పాఠానికి ఎవరూ మార్పు తలపెట్టకపోయి ఉంటే ఇ.ఎస్.వి. అనేదే ఉండేది కాదు.

మా ఇంట్లోనూ ఇదే పోరు ఉంది, దాచుకోవడమెందుకు. తెలుగు పాత తర్జుమాలో ఒక్క మాట కదిలిస్తే మా పెద్దవాళ్లు ఒప్పుకోరు. "చెప్పెను", "పలికెను" అన్న ఆ లయ మా ప్రార్థనల్లోకి, పాటల్లోకి, సమాధుల మీది రాతల్లోకి ఇంకిపోయింది. యోహాను 1:18లో మా పాత తర్జుమా "తండ్రి రొమ్ముననున్న అద్వితీయ కుమారుడే" అంటుంది. మీరు 2001లో కుమారుడన్న మాటను వదిలి ఏకైక దేవుడన్న అర్థంలో రాశారు. 2025లో కుమారుడు మళ్లీ వచ్చి, "దేవుడైన ఏకైక కుమారుడు" అన్న అర్థమయింది. దీని వెనుక ప్రాచీన వ్రాతప్రతుల మధ్య నిజమైన తేడా ఉంది. 1950, 60 దశకాల్లో వెలుగుచూసిన 66, 75 సంఖ్యల పపైరస్‌లు, అంటే జమ్ముకాగితంమీద రాసిన ప్రాచీన ప్రతులు, "దేవుడు" అన్న పాఠానికి బలమిచ్చాయి. మా పాత తర్జుమాకారులకు అవి తెలిసే అవకాశమే లేదు. ఈ సంగతి నేను క్లాసులో చెబితే ఎవరి విశ్వాసమూ ఊగలేదు. చెప్పకుండా దాచి, వాళ్లే ఒకనాడు ఏ వీడియోలోనో "మీ బైబిలు మార్చేశారు" అని వింటే ఊగుతుంది.

భారతదేశానికి మీ తర్జుమా ఇప్పుడు పరాయిది కాదన్నది కూడా మీరు గమనించాలి. 2018లో బెంగళూరులో ఇ.ఎస్.వి. కతోలిక ప్రతి వెలువడింది. 2020 మట్టల ఆదివారం నుంచి ఈ దేశంలో కతోలికుల ఇంగ్లిషు పూజలో చదివే పఠనాలు దానిలోనివే. మాలాంటి ప్రొటెస్టంటు సంఘాల్లో కొందరు పాస్టర్లు శనివారం రాత్రి మీ ఇంగ్లిషు చదివి ఆదివారం ఉదయం తెలుగులో చెబుతారు. అంటే మీ బల్లమీద ఒక మాట అటునుంచి ఇటు జరిగితే, ఇక్కడ మీ పేరు కూడా వినని ఇల్లాలి చెవిలో అది "మూలభాషలో ఇలా ఉంది" అన్న మాటగా పడుతుంది.

కాబట్టి అడుగుతున్నాను. 2001 నుంచి 2025 వరకు మీరు అర్థం మారేలా దిద్దిన వచనాలు ఎన్నో లేవు. ఆ ప్రతి వచనం కిందా, ఖరీదైన స్టడీ బైబిలులోనే కాక చవక ప్రతిలోనూ ఫోనులోనూ కూడా, మూలంలో ఉన్న మాటేమిటో, ముందు మీరు ఎలా రాశారో, ఎందుకు మార్చారో రెండు వరుసల నోటు పెట్టండి. శీర్షికపుటమీద మీ తర్జుమా పేరు పక్కనే పాఠం ఏ సంవత్సరానిదో కంటికి ఆనే అక్షరాలతో వేయండి. శాశ్వతమన్న మాటను మళ్లీ ఎప్పుడూ తలపెట్టకండి. మీ పర్యవేక్షక సంఘంలో ఓటు ఎటు ఎంత పడిందో చెప్పమని అడగను. అది మీ ఇంటి గుట్టు.

వచ్చే ఆదివారం మేము నాలుగో అధ్యాయంలోకి వెళతాము. మూడు తర్జుమాలూ తెమ్మని టీచరుగారు ముందే చెప్పి వెళ్లారు. మీ నోటు వచ్చేలోగా గడవాలి కనుక, నా 2016 ప్రతిలో మూడో అధ్యాయం పదహారో వచనం అంచున పెన్సిలుతో నేనే ఒకటి రాసుకున్నాను. తప్పుంటే దిద్ది పంపగలరు:

"హెబ్రీలో: నీ భర్తవైపు నీ తెషూకా. ఈ మాట మరి రెండుచోట్లే వస్తుంది, 4:7లో పాపం గురించి, పరమగీతము 7:10లో ప్రేమ గురించి. 2016లో మేము దీన్ని 'వ్యతిరేకంగా' అన్నాము, 2025లో వెనక్కు తీసుకున్నాము. పాఠకుడు మూడు చోట్లనూ చదువుకొనవలెను."

ఇట్లు,
ప్రభువునందు,
ఒక తెలుగు బైబిలు స్టడీ బోధకుడు,
గుంటూరు